మీ ఊరి మాట ఉంచండి, డబ్బింగ్‌కి డబ్బు దాచండి

ప్రశ్న: మేడం, నమస్తే. మాది జనగామ దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో. బతుకమ్మ రోజుల్లో మా ఊళ్ళో జరిగే ఒక కథ రాసుకుని నిర్మాతల చుట్టూ తిరుగుతున్నాను. బాగుందంటున్నారు గానీ, ‘ఇప్పుడంతా పాన్ ఇండియా. ఊరి పేరు, యాస, పండగ తీసేసి దేశంలో ఎవరికైనా అర్థమయ్యేలా మార్చుకురా’ అంటున్నారు. మా ఆఫీసులో పట్నా కుర్రాడు నాకంటే ఎక్కువ తెలుగు సినిమాలు చూశాడు. అంతదూరం మన సినిమా ఎలా వెళ్తోంది? నేను కథ మార్చాలా?
— ఒక పాఠకుడు, బోడుప్పల్

జవాబు: మార్చకండి తమ్ముడూ. ఇరవై ఏడేళ్ళుగా కృష్ణానగర్‌లో డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. ఊరి పేరు ఉన్నందుకు పక్క రాష్ట్రంలో పోయిన సినిమా ఒక్కటీ నాకు తగల్లేదు. డబ్బింగ్ సరిగ్గా చేయక పోయినవి చాలా చూశాను.

ముందు మీ పట్నా కుర్రాడి సంగతి. అతను మన హీరోల్ని మొదట చూసింది బహుశా టీవీలోనే అయ్యుంటుంది, సెలవు రోజు మధ్యాహ్నం ఇంట్లోవాళ్ళతో కూర్చుని. నాగార్జున ‘మాస్’ (2004) హిందీలో ‘మేరీ జంగ్: వన్ మ్యాన్ ఆర్మీ’ పేరుతో టీవీలో బాగా ఆడాక, అక్కడి ఛానెళ్ళు మన సినిమాల కోసం వెతకడం మొదలుపెట్టాయి. తర్వాత అవే యూట్యూబ్‌లోకి వచ్చాయి. మా యూసుఫ్‌గూడలో అపార్ట్‌మెంట్ కడుతున్న ఒడిశా పనివాళ్ళు రాత్రి అన్నాలు తిన్నాక ఒక్క ఫోన్ చుట్టూ నలుగురు చేరి చూసేది వాటినే. 2015లో ‘బాహుబలి’ హిందీ థియేటర్లకి వెళ్ళింది. కరణ్ జోహార్ సంస్థ పేరు వెనకుంది, ప్రభాస్‌కి శరద్ కేల్కర్ గొంతు ఉంది. 2017లో రెండో భాగం ఒక్క హిందీలోనే 500 కోట్లు దాటింది. అంత పెద్ద సినిమా, అంత ఖర్చు, నిజమే. కానీ ఆ జనానికి మన సినిమా తీరు అప్పటికే అలవాటైంది. ఏళ్ళ తరబడి ఆ అలవాటు చేసిన డబ్బింగ్ వాళ్ళ పేర్లు ఎవరూ తలుచుకోరు, అదే నా బాధ.

ఇక ఊరు, పండగ మాటకొద్దాం. ‘కాంతార’ 2022 సెప్టెంబర్ 30న కన్నడంలో వచ్చింది, రెండు వారాలకి తెలుగులో. భూతకోల (అక్కడి ఊళ్ళలో దైవాన్ని కొలిచే ఆట) అంటే ఏమిటో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో క్యూలో నిలబడ్డవాళ్ళలో ఎందరికి తెలుసు? తీరప్రాంత కర్ణాటక మాట, వాళ్ళ దైవం, కంబళ అనే దున్నల పందెం, ఏదీ తీసేయలేదు. మనవాళ్ళు కళ్ళప్పగించి చూశారు. పొలం ఎవరిదన్న తగువు మనకీ తెలుసు కదా. అంతకు చాలాముందు, 1978లో, ‘మరో చరిత్ర’ మద్రాసులో తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది.

‘పుష్ప’ చూడండి. చిత్తూరు యాస, శేషాచలం అడవి, ఎర్రచందనం. 2021 డిసెంబర్‌లో హిందీలో మొదటిరోజు మూడు కోట్ల చిల్లరతో మొదలై వంద కోట్లు దాటింది. శ్రేయస్ తల్పడే గొంతులో ‘తగ్గేదే లే’ కాస్తా ‘ఝుకేగా నహీ’ అయింది. రాసేవాళ్ళకి అందులో ఒక పాఠం ఉంది. ‘లే’ దగ్గర పెదాలు పక్కలకి విచ్చుకుంటాయి, ‘హీ’ దగ్గరా అంతే. అదే హీరో ‘వద్దు’ అని ఉంటే? మూతి ముడుచుకుని ఆగుతుంది, దానిమీద ‘నహీ’ పెడితే క్లోజప్‌లో దొరికిపోతాం. ప, బ, మ వచ్చిన చోట పెదాలు కలవాలి, మాట పొడవు సరిపోవాలి, ఆపైన భావం నిలబడాలి. ఒక్కో లైనుకి గంట కూర్చున్న రోజులున్నాయి.

చుట్టరికాలు ఇంకా కష్టం. ఒకసారి ముంబై నుంచి వచ్చిన హిందీ రచయిత పక్కన కూర్చుని ఒక పల్లె కథకి అర్థాలు చెప్పాను. మరదలు ‘బావా’ అని పిలిచే సీను. ఆయన ‘జీజా?’ అన్నారు. జీజా అంటే అక్క మొగుడు. మేనరికం, పెళ్ళాడదగ్గ వరస అని చెప్పేసరికి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ప్రతిచోటా పేరు పెట్టి పిలిపించాం. ప్రేమ మిగిలింది, ఆ పిలుపులో ఉన్న చనువు పోయింది. ఇప్పటికీ ఆ సీను నన్ను పీడిస్తుంది. అదే పిలుపుని ‘బావా’ అనే ఉంచేసి, ముందు సీన్లో ఒక ముసలమ్మ చేత వరస చెప్పించి ఉంటే సరిపోయేది. మీరు స్క్రిప్టులోనే అలా రాసుకోండి. బతుకమ్మ ఎందుకు పేరుస్తారో ఎవరో చిన్నపిల్ల అడగాలి, అమ్మమ్మ చెప్పాలి. పండగ తీసేయక్కర్లేదు.

ఖర్చు దగ్గర రెండు జాగ్రత్తలు. ఒకటి, ఫైనల్ మిక్సింగ్ రోజున మాటలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్ విడిగా తీయించుకోండి. దాన్నే ఎం అండ్ ఇ అంటారు. ఒక చిన్న సినిమాకి అది తీయలేదు. ఇంకో భాషకి ఇచ్చేటప్పుడు తెలుగు మాటలతో పాటు బోరింగ్ చప్పుడు, కోడి కూత, గజ్జెల మోత అన్నీ పోయాయి. ఊరు మూగబోయింది. రెండోది ఓటీటీ ఒప్పందం. హిందీ పెద్ద మల్టీప్లెక్స్ గొలుసులు థియేటర్ విడుదలకీ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల గడువు అడుగుతాయి. నాలుగు వారాలకే ఇచ్చేస్తే అక్కడ తెరలు దొరకవు. 2023లో ‘లియో’ లాంటి పెద్ద తమిళ సినిమాకే హిందీలో ఆ తెరలు దక్కలేదు.

ఒకటి నిజాయితీగా చెప్పాలి. ‘బలగం’ (2023) హిందీ థియేటర్ల జోలికి వెళ్ళలేదు. అయినా తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఒకచోట కూర్చుని చూసి ఏడ్చింది. మీ కథ ముందు జనగామలో గెలవనివ్వండి. పట్నా సంగతి ఆ తర్వాత, దానికి కావలసిన ట్రాకులు మీ దగ్గరుంటాయి.

ప్రశ్న: మలయాళం సినిమాలు తెలుగు డబ్బింగ్‌లో చూడాలా, సబ్‌టైటిల్స్‌తోనా?
— ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: సినిమాని బట్టి అమ్మా. ‘ప్రేమలు’ (2024) తీసుకోండి, కథంతా మన హైదరాబాద్‌లోనే. ఆదిత్య హాసన్ రాసిన తెలుగు మాటలు హాయిగా నవ్విస్తాయి, మన కుర్రాళ్ళు మాట్లాడుకున్నట్టే ఉంటాయి. కానీ మూలంలో వాళ్ళు పొట్టకూటికి మన ఊరొచ్చిన మలయాళీలు. తెలుగులో అందరూ తెలుగే మాట్లాడతారు కాబట్టి, పరాయి ఊళ్ళో ఉన్న బెరుకు తగ్గిపోతుంది. మొదటిసారి ఇంట్లో అందరితో తెలుగులో చూడండి. తర్వాత తీరిగ్గా మలయాళంలో పెట్టుకుని, వాళ్ళ నోట మన వీధుల పేర్లు ఎలా పలుకుతాయో వినండి.