సైకాలజీకి ఫారిన్ వెళ్లాలా? ముందు లైసెన్సు సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ ఫైనలియర్. మూడు సబ్జెక్టుల్లో సైకాలజీ ఒకటి. బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీ క్లినికల్ సైకాలజీకి ఆఫర్ లెటర్ వచ్చింది. వారంలో డిపాజిట్ కట్టాలని కన్సల్టెన్సీ వాళ్లు తొందరపెడుతున్నారు. చదివొచ్చి నల్గొండలోనే క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేస్తానంటోంది. పొలం తాకట్టు పెట్టాల్సి వస్తుంది. ఆ యూనివర్సిటీ మంచిదేనా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఈ వారం డిపాజిట్ కట్టకండి. ఆ యూనివర్సిటీ మంచిదే కావచ్చు. కానీ మీ అమ్మాయి అనుకున్న పనికి ఆ డిగ్రీ ఒక్కటే సరిపోదు.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీస్ చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ఆర్‌సీఐ గుర్తించిన అర్హతనే అడుగుతుంది. దీనికి ఇన్నాళ్లూ ఉన్న ముఖ్యమైన దారి, పీజీ తర్వాత ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో పేషెంట్లను చూస్తూ చేసే రెండేళ్ల ఎం.ఫిల్. ఇప్పుడు ఈ కోర్సుల రూపం మారుతోంది కాబట్టి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో తాజా నోటిఫికేషన్ చూడండి. ఎక్కువగా క్లాసులు, డిజర్టేషన్ (చివర్లో రాసే పరిశోధన వ్యాసం)తో అయిపోయే ఏడాది ఎమ్మెస్సీ ఆ శిక్షణకు బదులు కాదు.

పోనీ అక్కడే ఉండిపోతుందనుకున్నా ఇదే చిక్కు. బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజిస్ట్ అనే పేరు వాడుకోవాలంటే హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదు కావాలి. అందుకు అక్కడివాళ్లు చేసేది మూడేళ్ల డాక్టరేట్. కోర్సు పేరులో 'క్లినికల్' అని ఉన్నంత మాత్రాన లైసెన్సు రాదు. తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోయేది ఈ పేరు దగ్గరే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ డాక్టరేట్ వైపు వెళ్లాలనుకుంటే బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తించిన 'కన్వర్షన్' ఎమ్మెస్సీ, అంటే డిగ్రీలో పూర్తి సైకాలజీ చదవనివాళ్లు ఆ లోటు పూడ్చుకునే కోర్సు, ఎక్కువ పనికొస్తుంది.

మిగతా దేశాల్లోనూ నిబంధనలు తేలికేం కాదు. అమెరికాలో సైకాలజిస్ట్ లైసెన్సుకు సాధారణంగా డాక్టరేట్ కావాలి. మాస్టర్స్‌తో కౌన్సెలర్ కావచ్చు, కానీ ఆ లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలో ప్రొఫెషనల్ మాస్టర్స్‌కు ముందు నాలుగేళ్ల గుర్తింపు పొందిన సైకాలజీ చదువు అడుగుతారు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ డిగ్రీలో సైకాలజీ క్రెడిట్లు, అంటే ఆ సబ్జెక్టు ఎంత చదివారో చెప్పే పాయింట్లు, ఎన్నో లెక్కబెడతారు. మూడింట ఒక వంతు సైకాలజీ ఉన్న మన బీఏకు అక్కడ ఇబ్బందే. ఏ దేశమైనా సరే, మార్కుల మెమోలతో పాటు సిలబస్ కాపీ కూడా కాలేజీ నుంచి ఇప్పుడే తీసిపెట్టుకోమనండి.

నల్గొండలోనే పనిచేయాలన్న కోరిక నాకు చాలా నచ్చింది. మన జిల్లాలకు అలాంటి పిల్లలు కావాలి. ఆ కోరిక గట్టిదైతే ఇక్కడే సైకాలజీ పీజీ చేసి, తర్వాత ఆర్‌సీఐ గుర్తింపున్న కోర్సుకు పోటీ పడమనండి. సీట్లు తక్కువ, ఎంట్రన్స్ కష్టం. అయినా పొలం మీ చేతిలోనే ఉంటుంది. పరిశోధన మీద మనసుంటే మాత్రం ఫారిన్ పీజీ మంచి ఆలోచనే, అప్పుడు లైసెన్సు కన్నా ప్రొఫెసర్ల పని చూసి ఎంచుకోవాలి.

డబ్బు విషయం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల రూపాయల వరకు ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. మీకు వర్తిస్తే, అర్హత ఉన్న కోర్సుల జాబితాలో సైకాలజీ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇంకో సంగతి, ఆ డబ్బు అక్కడ చేరాక విడతలుగా వస్తుంది. డిపాజిట్, మొదటి ఫీజు ముందు మీరే కట్టాలి.

కన్సల్టెన్సీలకు చాలా యూనివర్సిటీలు కమీషన్ ఇస్తాయి. కాబట్టి అమ్మాయినే యూనివర్సిటీకి నేరుగా మెయిల్ రాయమనండి: ఈ కోర్సులో పేషెంట్లతో పర్యవేక్షణలో పని ఎన్ని గంటలు? దీన్ని ఏ సంస్థ గుర్తించింది? దీనితో ఏ లైసెన్సుకు అప్లై చేయొచ్చు? జవాబు వచ్చాక నాకు పంపండి, కలిసి చదువుదాం.