అనధికారిక ఆర్థిక వ్యవస్థ అంటే దొంగ వ్యాపారమా?

అన్నీ కాదండీ. ప్రభుత్వ లెక్కల్లోకి, చట్టాల్లోకి సరిగా ఎక్కని పని, అంతే. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన తోపుడు బండి మీద నిమ్మకాయలు అమ్మే ఆవిడ పొద్దున్నే 900 తీసుకుని సాయంత్రానికి 1000 కట్టిందనుకోండి, కాగితం లేదు, సంతకం లేదు, మాటే పూచీ, లెక్కేస్తే రోజుకే వందకి 11 రూపాయల పైన వడ్డీ. ఇళ్లల్లో వేసుకునే చీటీలూ చాలావరకు ఈ బాపతే.

ఈ పేరును పరిశోధనలోకి తెచ్చింది కీత్ హార్ట్ అనే మానవశాస్త్రవేత్త, ఘనా రాజధాని అక్రాలో వలస వచ్చిన పేదల మధ్య తిరిగి చూసి రాసిన వ్యాసం 1973లో అచ్చయింది. లెక్కల్లో నిరుద్యోగులు, తీరా చూస్తే రెండు మూడు పనులతో తీరిక లేనివాళ్లు! దొంగ పనులనీ ఆయన ఇందులోనే విడి పద్దుగా రాశాడు.