ఆడినవాడు ఆడించేవాడు కావాలంటే

ఆటస్థలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా మనవడు టెక్సాస్‌లో పదకొండో తరగతి. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్. ఈ ఏడు భుజం దెబ్బతింది. "ఆట పోతే పోనీ తాతయ్యా, కోచ్‌నవుతా" అంటున్నాడు. అదొక బతుకుతెరువేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజాం

జవాబు: బతుకుతెరువే మాస్టారూ, నిలకడే తక్కువ. ఇది మన పిల్లలు కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకు పరిగెత్తుతారు, విసురుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేదంటే బంతి అవతలివాళ్లది. దాదాపు ప్రతిసారీ బంతి ముందు వచ్చేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. ఎవరికివ్వాలో, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ప్రొఫెషనల్ లీగులో అతని హెల్మెట్‌లో స్పీకరుంటుంది. కోచ్ అందులోనే ఎత్తు, అంటే ఈసారి బంతిని ఎలా నడపాలో చెబుతాడు. అయితే ఒక ఎత్తు అయ్యాక తర్వాతిది మొదలుపెట్టడానికిచ్చే 40 సెకన్ల గడియారం 15కి దిగగానే ఆ గొంతు ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఎదుటివాళ్లు నిలబడిన తీరు చూసి ఎత్తు మార్చాల్సింది అతనే. మిగతా పదిమంది పని కూడా తెలిస్తేనే అది సాధ్యం. కోచ్ పనిలో సగం అక్కడే వంటబడుతుంది.

దానికి పెద్ద స్టార్ కానక్కర్లేదు. డగ్ పీడర్‌సన్ గ్రీన్ బే ప్రొఫెషనల్ జట్టులో బ్రెట్ ఫార్వ్ వెనక రెండో క్వార్టర్‌బ్యాక్‌గా ఏళ్లు గడిపాడు. 2005లో లూసియానాలో ఒక హైస్కూలు జట్టుకి కోచ్‌గా చేరి నాలుగు సీజన్లు అక్కడే ఉన్నాడు. 2009లో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌లో కింది మెట్టు సహాయకుడు, 2016లో అదే జట్టుకి హెడ్ కోచ్. అసలు క్వార్టర్‌బ్యాక్ మోకాలు దెబ్బతిని కూర్చుంటే రెండోవాడైన నిక్ ఫోల్స్‌నే నమ్మి, 2018 ఫిబ్రవరిలో లీగు ఫైనలైన సూపర్ బౌల్ 41-33తో గెలిపించాడు. రెండోవాణ్ని ఎలా సిద్ధం చేయాలో ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది!

జిమ్ హార్బా దారి ఇంకోటి. తాను లీగులో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతుండగానే, తండ్రి కోచ్‌గా ఉన్న వెస్టర్న్ కెంటకీ యూనివర్సిటీ జట్టుకి 1994 నుంచి జీతం లేకుండా సాయపడ్డాడు. తర్వాత శాన్ డియేగో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలు, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రొఫెషనల్ జట్టు, మిషిగన్ యూనివర్సిటీ, అన్నిట్లోనూ హెడ్ కోచ్. 2024 జనవరిలో మిషిగన్‌ని కాలేజీ జట్లలో జాతీయ విజేతని చేశాడు. మీ మనవడు పట్టుకోవలసింది ఇదే: ఆట మానేశాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. భుజం మానేలోగా జూనియర్ జట్టుకి సాయం చేయమనండి. వీడియో చూస్తూ ప్రతి ఎత్తుకీ ఒక వరస రాయాలి: ఎన్నో ప్రయత్నం, ఎన్ని గజాలు కావాలి, ఎదుటివాళ్ల అమరిక, ఫలితం. జట్లలో కొత్త సహాయకులకు మొదట అప్పగించే చాకిరీ ఇలాంటిదే.

చదువు సంగతి ముఖ్యం. అక్కడి హైస్కూలు కోచ్‌లలో చాలామంది అదే బడిలో టీచర్లు. టీచింగ్ సర్టిఫికెట్‌కి పనికొచ్చే డిగ్రీ ఉంటే కూడు ఖాయం. కాలేజీ జట్లలోకైతే పీజీ చదువుతూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరతారు. ఆపైన క్వార్టర్‌బ్యాక్స్ కోచ్, బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆటంతా చూసే అఫెన్సివ్ కోఆర్డినేటర్, హెడ్ కోచ్. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద సహాయకుల్లో చాలామంది కూడా మూటాముల్లె సర్దుకోవలసిందే. ఇల్లు, ఊరు, పిల్లల బడి మాటిమాటికీ మారతాయి. ఈ మాట మాత్రం దాచకుండా చెప్పండి.

ప్రశ్న: టీవీలో ఆ కోచ్‌లు మాట్లాడేటప్పుడు నోటికి అట్ట అడ్డం పెట్టుకుంటారెందుకు?
— పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: పెదవులు చూసి ఎదుటివాళ్లు ఎత్తు పసిగడతారని. ఆ అట్టే కాల్ షీట్. లామినేషన్ చేసి, గళ్లు గీసి, రంగులు వేసి ఉంటుంది. మూడో ప్రయత్నానికి రెండు గజాలే మిగిలితే ఏ ఎత్తులు, ఎనిమిది ఉంటే ఏవి, గోల్‌గీత దగ్గర ఏవి, అన్నీ విడివిడిగా. తొలి ఎత్తుల వరస ముందే రాసుకోవడాన్ని అలవాటు చేసింది శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్.

ప్రశ్న: డిగ్రీ ఆఖరి ఏడు, వాలీబాల్‌లో సెట్టర్‌ని. మా వైపు క్వార్టర్‌బ్యాక్‌లు లేరు గానీ, నేను కోచ్ కావాలంటే?
— విద్యార్థి, నరసన్నపేట

జవాబు: వాలీబాల్‌లో ఆ స్థానం మీదే. రెండో టచ్ మీ చేతిలో ఉంటుంది, ఆట ఎటు పోవాలో మీరే తేలుస్తారు. బడిలో పీఈటీ ఉద్యోగానికి పీసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయండి. పరుగు వంటి శారీరక పరీక్షలతో పాటు ఆటలో నైపుణ్య పరీక్ష కూడా ఉంటుంది. పూర్తిస్థాయి కోచ్‌గా వెళ్లాలంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) వారి ఏడాది డిప్లొమా. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, దాన్ని డిప్లొమాకి సమానమనుకోకండి. ఎంపికలో ఏ స్థాయి పోటీల్లో ఆడారో చూస్తారు కాబట్టి టోర్నమెంట్ సర్టిఫికెట్లు ఒక్కటీ పోగొట్టుకోవద్దు.

ఈలోగా పుస్తకంలో ఆరు రొటేషన్లకీ (ఆటగాళ్లు స్థానాలు మారే ఆరు అమరికలకీ) ఆరు పేజీలు పెట్టండి. ప్రతి పేజీలో పాస్ ఎలా వచ్చింది, ఎవరికి సెట్ చేశారు, పాయింటు వచ్చిందా, పోయిందా రాయాలి. సెట్టర్ ఒక్కడే ఉన్న జట్టులో, అతను వెనక వరసలో ఉంటే ముందు ముగ్గురు ఎటాకర్లు, ముందుకొస్తే ఇద్దరే. జట్లు ఎక్కువగా ఇరుక్కునేది ఆ ఇద్దరే ఉన్న రొటేషన్లలో. పాస్ చెడగానే ప్రతి బంతినీ నాలుగో స్థానానికి, అంటే ముందు వరస ఎడమ చివరికి ఎత్తేస్తారు, ఎదుటి బ్లాకర్లు అక్కడే కాచుకుంటారు. ప్రాక్టీసులో కావాలనే చెడ్డ పాస్‌లు ఇప్పించి, వెనక వరసలో కుడివైపునుంచి కొట్టే ఎటాకర్‌కి వెనక్కి సెట్ చేయించండి. సెట్టర్లు కోచ్‌లయ్యాక చేసే తప్పొకటుంది, బయటనుంచి ప్రతి బంతికీ "ఇటివ్వు, అటివ్వు" అని అరవడం. అలా చేస్తే కుర్రాడు నెట్‌ని కాదు, మిమ్మల్ని చూస్తాడు. చెప్పదలచుకున్నది టైమవుట్‌లో చెప్పండి. ఒక్కో సెట్‌కి రెండు, ఒక్కోటి 30 సెకన్లు. ఒక్క మాటకి అది చాలు.