విమానాల మెయింటెనెన్స్‌లో పని తెలిసినవాడికి ఈ రాతకోతలెందుకు?

ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) కోర్సు పూర్తి చేశాననీ, చేతికి పని తెలుసనీ, అయినా అసెస్‌మెంట్‌లో పేపర్‌వర్క్ మీదే అడుగుతున్నారనీ, ఈ రాతకోతలెందుకనీ మీరు అడిగారు. ఆ "రాతకోతలు" అన్న మాట దగ్గర మనసు చివుక్కుమంది. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఆయిలింజన్లు, చెరువుల ఏరేటర్లు బాగుచేసే షెడ్డు మా మావయ్యది. నా సెలవులన్నీ అక్కడే గడిచాయి. నట్టు బిగిస్తుంటే చాలో, ఇంకొంచెం కావాలో మణికట్టుకే తెలిసిపోయేది. ఆ ధీమాతోనే మొదటి ప్రాక్టికల్ అసెస్‌మెంట్‌కి వెళ్లాను.

బల్ల మీద నాలుగు బోల్టులున్న ప్లేటు, టార్క్ రెంచి (ఎంత బిగువు ఇస్తున్నామో చూపించే రెంచి), బోల్టు వదులవకుండా కట్టే 0.032 అంగుళాల లాక్‌వైరు, ప్లయర్లు, చెయ్యాల్సిన పని స్టెప్పులుగా రాసి ఉన్న ఒక టాస్క్ కార్డు. బోల్టులు టార్క్ చేసి, అంటే చెప్పినంత బిగువుకి బిగించి, రెండేసి కలిపి వైరు కట్టమన్నారు. కట్టాను. బోల్టు వదులవబోతే వైరు దాన్ని మళ్లీ బిగువు వైపే లాగాలి. మెలికలు అంగుళానికి 6 నుంచి 8 పడాలి. చివరి తోక ఎవరి వేలికీ గుచ్చుకోకుండా లోపలికి వంచాలి. అన్నీ కుదిరాయి. ఆ వైరుకి ఈరోజుకీ ఎవరూ వంక పెట్టలేరు.

అసెస్సర్ గారు వైరు వైపు చూడనేలేదు. "రెంచి క్యాలిబ్రేషన్ ఎప్పటిదాకా ఉంది బాబూ?" అన్నారు. రెంచి కొలత సరిగ్గా ఉందని పరీక్షించి ఇచ్చే గడువు అది. తిప్పి స్టిక్కర్ చూస్తే గడువు దాటి 12 రోజులైంది. కావాలనే ఆ రెంచి పెట్టారట. "టార్క్ ఎంతిచ్చావు?" చెప్పాను. "ఎక్కడ చూశావు?" కార్డు మీదండీ అన్నాను. "ఆ కార్డు ఏ రివిజన్ మాన్యువల్‌ది? ఇప్పుడు నడుస్తున్నది అదేనా?" నోట మాట రాలేదు. ఏ స్టెప్పు సంతకం ఆ స్టెప్పు దగ్గర పెట్టకుండా, నాలుగింటికీ చివర్లో ఒక్కసారే పెట్టడం కూడా ఆయన చూశారు. ఫెయిల్ చేశారు.

నెలల తరబడి కోపం పోలేదు. గోదావరి వరదల్లో ఇంటికొచ్చినప్పుడు పోయింది. మావయ్య గంట గంటకూ ఫోన్ చేసి "ధవళేశ్వరంలో ఎంతుంది?" అని కనుక్కుంటున్నాడు. అక్కడి ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లోవాళ్లు ఆ అంకె వినే పశువుల్ని గట్టుకి తోలతారు. అక్కడ గేజీ చూసేవాడు ఎంత అనుభవజ్ఞుడైనా "చూశానండీ, బాగానే ఉంది" అంటే ఎవడు వింటాడు? ఎన్ని అడుగులో, ఎన్ని గంటలకో చెప్పాలి. విమానం ఎక్కే మనిషికి మన సంతకం కూడా అంతే. ఆయన వచ్చి బోల్టు తిప్పి చూసుకోలేడు.

ఇంకో మాట. చేసింది రాయడం కంటే చెయ్యకుండా వదిలేసింది రాయడం ముఖ్యం. 1991 సెప్టెంబరు 11న అమెరికాలో, టెక్సాస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి ఎంబ్రేయర్ 120 కూలిపోయింది. ముందు రాత్రి తోక దగ్గరి చిన్న రెక్క (స్టెబిలైజర్) ముందంచు నుంచి 47 స్క్రూలు తీశారు. షిఫ్టు మారింది. స్క్రూలు తీసేసి ఉన్నాయన్న సంగతి తర్వాతివాళ్లకు రాతలో అందలేదు. పొద్దున్నే విమానం ఎగిరింది. అందులో ఉన్న 14 మందీ చనిపోయారు. అక్కడ స్క్రూ బిగించడం రానివాడు ఒక్కడైనా ఉంటాడా? లేనిది ఒక్క లైను రాత.

లాగ్‌బుక్కుల (చేసిన పనులన్నీ రాసుకునే పుస్తకాల) సంగతి తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది. ఇంటర్వ్యూకి ముందు రాత్రి హాస్టల్లో కూర్చుని ఆరు నెలల పని ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో నింపేస్తారు. చెయ్యని పనికి సంతకం పెట్టే సీనియర్లూ ఉన్నారు. పిల్లల కంటే వాళ్లదే పెద్ద తప్పు. వైట్‌నర్ పూసేవాళ్లు ఇంకొందరు. తప్పు రాస్తే కింద అక్షరం కనపడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వెయ్యాలి. అందులో సిగ్గుపడేదేముంది?

మీ లాగ్‌బుక్‌లో "వీల్ మార్చాను" అని మాత్రమే ఉంటే అది రాయనట్టే లెక్క. ఏ మాన్యువల్, ఏ టాస్క్ నంబరు, తీసినదాని సీరియల్ నంబరు, వేసినదాని పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, వాడిన రెంచి నంబరు, ఇచ్చిన టార్క్... ఇవన్నీ ఉంటే అసెస్సర్ ఏ పేజీ తిప్పి అడిగినా మీకు టెన్షన్ ఉండదు, ఆరోజు చేసిన పని కళ్ల ముందు కనపడుతుంది. రెండోసారి నేను పాసయింది అలాగే. వైరు మాత్రం మొదటిసారి కట్టినట్టే కట్టాను.

సంక్రాంతికి వారం రోజులు ఊళ్లోనే ఉంటాను. మీరూ కోనసీమవాళ్లయితే లాగ్‌బుక్ పట్టుకుని మా ఇంటికి రండి, పేజీ పేజీ కూర్చుని చూద్దాం.