పరంజా ఎక్కే ముందు నేల చూడు, అల్లుడూ

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మూడంతస్తుల ఇంటి పని మొదటిసారి సొంతంగా ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. గోడ వంకరొస్తే కొట్టి మళ్లీ కట్టుకుంటాం. ఎత్తున నిలబడి పని చెయ్యడానికి కర్రలతో, పైపులతో కట్టే పరంజా కూలితే మనిషిని మళ్లీ తేలేం, అందుకే ఈ ఉత్తరం.

దుబాయ్‌లో చేసిన రోజుల్లో పరంజాకు ‘చూశాం, ఎక్కొచ్చు’ అనే పచ్చ కార్డు వేలాడుతుంటేనే ఎక్కేవాళ్లం. నీ సైటుకి ఆ కార్డు పెట్టేవాడు ఎవడూ రాడు. రోజూ పొద్దున్నే పనివాళ్లకంటే ముందు వెళ్లి నువ్వే చూసుకోవాలి.

ముందు నేల. పునాది పక్కన పూడ్చిన మట్టి ఎంత గట్టిగా కనిపించినా నమ్మకు, నీళ్లు పోసి దిమ్మిస కొట్టించు. పరంజా కాళ్ల కింద ఇటుకలు పేర్చడం మనవాళ్ల అలవాటు. బరువుకి ఇటుక పగిలిందంటే కాలు కుంగుతుంది. ఇనప పలక పెట్టి, దాని కింద వెడల్పాటి చెక్క వెయ్యి. సరుగుడు కర్రలైతే పగిలినవీ, పురుగు తిన్నవీ ఏరి పారెయ్యి. కొబ్బరి తాడు తడిస్తే బిగుస్తుంది, ఎండితే వదులవుతుంది. వాన వెలిశాక ప్రతి ముడీ లాగి చూడు.

ప్రతి అంతస్తులోనూ పరంజాను పిల్లరుకో స్లాబుకో కట్టు. కిటికీ గ్రిల్లుకీ, మురుగు పైపుకీ, నిన్న కట్టిన పచ్చిగోడకీ వద్దు. ఐమూలగా కర్రలు వెయ్యకపోతే మొత్తం పక్కకి వాలిపోతుంది.

పరంజా మీద నిలబడే బల్లల మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. మాతో చేసిన కుర్రాడు రెండో అంతస్తులో గిలాబా (గోడకి సిమెంటు పూత) చేస్తూ బల్ల చివరికి నడిచాడు. మధ్యాహ్నం ఎవరో ఆ బల్ల కింది అడ్డకర్ర విప్పి వేరే పనికి పట్టుకెళ్లారు. అటు కాలు పడగానే ఇటు చివర లేచింది. బతికాడు గానీ నడుము విరిగింది, మళ్లీ తాపీ పట్టలేదు. నాకు చెప్పకుండా ఒక్క కర్ర విప్పొద్దని మొదటిరోజే అందరితో అను, రంగులవాడితో, కరెంటు పనివాడితో సహా.

బల్ల రెండంగుళాల మందం ఉండాలి. చివర ఆధారం దాటి ఆరంగుళాలకు మించొద్దు. రెండు చివరలూ కట్టెయ్యి, మధ్యలో సందులు ఉంచకు. నడుమెత్తున ఒక అడ్డకర్ర, మోకాలి దగ్గర ఇంకొకటి, పాదాల దగ్గర ఆరంగుళాల పలక. ఆ పలక, కింద తిరిగే కూలమ్మల తలమీద ఇటుక పడకుండా కాస్తుంది. పడిపోకుండా వేసుకునే బెల్టు కొక్కెం భుజాలకంటే పైన, భవనానికే తగిలించు.

ఇంటి ముందు కరెంటు తీగలున్నాయన్నావు. ఇనప పైపు లేపకముందే విద్యుత్ ఆఫీసుకెళ్లి లైను ఆపించు.

నీ కూలీల్లో 18 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లు, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు ఉంటే, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేర్లు రాయించు.

పై అంతస్తు మొదలెట్టే ముందు ఫోన్ చెయ్యి, వచ్చి ప్రతి కాలూ చూసి వెళ్తాను.

మీ మామయ్య