ఆవిరి పట్టిన గిటార్ నెక్ మళ్లీ వంగిందంటే

క్లాంప్ (బిగించి పట్టే పరికరం) తొందరపడి తీసేశారు, అదే కారణం అయ్యుంటుంది. గిటార్ నెక్‌కు (తీగల కింద ఉండే పొడవాటి చెక్క భాగం) ఆవిరి పట్టి, గంటసేపు బిగించి, తీసి చూస్తే తిన్నగా ఉందని, రెండు రోజులకే తీగల వైపు వంగిందని రాశారు కదా. చెక్కలోని లిగ్నిన్ (పీచును అంటిపెట్టి ఉంచే పదార్థం) వేడికి, తేమకు మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారి, ఆరాకే కొత్త ఆకారంలో గట్టిపడుతుంది. పైన చేతికి చల్లగా తగిలినా లోపల ఇంకా వేడి, తేమ ఉంటాయి.

ఈసారి ఇలా చేయండి:

1. తీగలు తీసేయండి. ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపును సరిచేసే ఇనుప కడ్డీ) నట్ పూర్తిగా వదులు చేయండి. అది బిగుతుగా ఉంటే అసలు వంపు ఎంతో తెలియదు.

2. ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) మీద తిన్నని ఇనుప పట్టీ పెట్టి, రెండు చివర్లా 3 మి.మీ. చెక్క ముక్కలు దూర్చండి. క్లాంప్ నెక్ మధ్యలో వేయండి.

3. చాలామంది వదిలేసేది ఇక్కడే. నెక్ తిన్నగా రాగానే ఆపేస్తారు. ఆపకండి, మధ్యభాగం పట్టీ వైపు కాస్త ఉబ్బెత్తుగా కనిపించేదాకా బిగించండి. క్లాంప్ తీశాక చెక్క కొంత వెనక్కి వస్తుంది, ఆ లెక్క ముందే వేసుకోవాలి.

4. ఇలా బిగించి వేడి చేశాక కనీసం 24 గంటలు క్లాంప్ ముట్టుకోవద్దు. ఆవిరి వాడితే ఇంకో రోజు ఆగండి.

నన్నడిగితే ఆవిరి కంటే పొడి వేడే మేలు. ఆవిరికి పాలిష్ తెల్లబడుతుంది, ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లున్న పైచెక్క) జిగురూ వదిలేయొచ్చు. అంచున సన్నటి గీతలా సందు కనబడితే వెంటనే వేడి ఆపేయండి.

నెక్ మెలి తిరిగి ఉంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు.