బుజ్జమ్మా, ఆ జిగురు మూత తియ్యకు

చిక్కడపల్లి,
ఆదివారం పొద్దున

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. అరగంట సేపు నీ మీద ఫిర్యాదే. ఇంటర్ సెకండియర్ పుస్తకాలకు అట్టలు కూడా వెయ్యలేదట, హాల్లో దుప్పటి పరిచి చిన్నప్పటి లెగో డబ్బా అంతా బోర్లించావట, మూడు తెరచాప కొయ్యల ఓడ కడతానంటున్నావట. తిడుతున్నాడే గానీ గొంతులో గొప్ప దాచుకోలేకపోయాడు. "ముక్కలన్నీ లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసుకుందన్నయ్యా, ఆరు వందల ఎనభై అట" అని రెండుసార్లు చెప్పాడు. నాకూ ముచ్చటేసింది. మన ఇంట్లో చేతులు కదిపే పిల్లలు ఉన్నారన్నమాట అనుకున్నాను.

పెట్టేసే ముందు మాత్రం ఇంకో మాట అన్నాడు. కూలిపోకుండా అంటించడానికి జిగురు కూడా తెచ్చి పెట్టుకున్నావని. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మీ పెద్దమ్మ "ఆడుకునే వస్తువుకి ఇంత టెన్షనా" అని అటు తిరిగి పడుకుంది. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు డబుల్ స్పీడులో వింటావని తెలుసు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. కట్టేది స్వీడన్ వాళ్ల పాత యుద్ధనౌక వాసా అట కదా. ఇన్ని ఓడలుండగా నీకు మునిగిపోయిన ఓడే దొరికిందా తల్లీ? 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవులో మొదటిసారి బయల్దేరింది. 1,300 మీటర్లు వెళ్లిందో లేదో గాలి ఒక్క విసురు విసిరితే ఒరిగిపోయి, తెరిచి ఉన్న కింది వరస ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు ఎక్కి మునిగింది. 64 ఫిరంగులు, చెక్కిన బొమ్మలు, రెండు అంతస్తుల ఆర్భాటం పైన పెట్టుకుంది గానీ కింద దానికి తగ్గ బరువు లేదు. 1961లో గానీ పైకి తియ్యలేకపోయారు. ఇదంతా నీకు తెలిసే ఉంటుంది. నేనే రాత్రి పన్నెండు దాకా ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను.

ఒరిగిపోయే వాటంటే నాకు మొదటి నుంచీ భయం. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే అది నీళ్లలోకి జారిపోయింది. మనుషులు కూడా పోయారు. ఆ తర్వాత ఆఫీసుకి వెళ్తూ ట్యాంక్‌బండ్ మీద బస్సు దిగిపోయాను. కట్ట పొడుగునా జనం నిలబడి నీళ్లకేసి చూస్తున్నారు. అక్కడ కనపడేదేమీ లేదు, ఉత్త నీళ్లు. అయినా ఎవరూ కదలట్లేదు. 1992 డిసెంబరులో విగ్రహాన్ని పైకి తీసేదాకా, రెండేళ్ల తొమ్మిది నెలలు, ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ నా కళ్లు అటే పోయేవి. ఈ భయమే తర్వాత నా చేత ఒక వెధవ పని చేయించింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముక్కల్ని రంగుల వారీగా కాదు, ఆకారాల వారీగా వేరు చెయ్యి. గుట్టలో రంగు కంటికి దొరుకుతుంది, ఆకారం దొరకదు. ఓడ ముక్కుకి వాడే ఏటవాలు రెక్క ముక్కల్లో ఎడమది వేరు, కుడిది వేరు. జతలు లెక్కపెట్టు, విడివి కాదు. ఎన్ని జతలున్నాయో దాన్నిబట్టే నీ ఓడ ముక్కు ఉంటుంది, బొమ్మలో ఉన్నదాన్నిబట్టి కాదు.

కొలత సంగతి. వాసా ఒళ్లు సుమారు 61 మీటర్ల పొడుగు, 11.7 మీటర్ల వెడల్పు. అందులో రెండు వందలో వంతు సైజులో కడితే పొడుగు ముప్ఫై సెంటీమీటర్ల పైచిలుకు. లెగో ఇటుక మీద ఒక బుడిపె నుంచి ఇంకో బుడిపెకి 8 మిల్లీమీటర్లు కాబట్టి 38 బుడిపెలు. వెడల్పు ఏడు. ఈ ఏడు నీ అదృష్టం. ఎనిమిదైతే సరిగ్గా మధ్యలో బుడిపె ఉండదు, కొయ్య ఒక పక్కకి జరుగుతుంది, దాన్ని సరిదిద్దడానికి నడుమ ఒకే బుడిపె ఉన్న పలక ముక్కలు వెతుక్కోవాలి. ఏడులో నాలుగోది నడిమధ్యే. కాకపోతే ఏడుకి ఒంటి బుడిపెవి, మూడు బుడిపెలవి చాలా పడతాయి, ముందు అయిపోయేవీ అవే. వాటిని లోపల కనపడని చోట తగలెయ్యకు.

ఆరు వందల ఎనభై ముక్కలతో అడుగుతో సహా మొత్తం ఓడ కట్టాలని ఆశపడకు. నీటి మట్టం పైన కనపడేది కట్టు చాలు. దాదాపు రెండున్నర ఇటుకల ఎత్తు కట్టే పని తప్పుతుంది, బల్ల మీద తిన్నగా కూర్చుంటుంది కూడా. లోపల బోలుగా వదిలెయ్యి. మేస్త్రీ గోడ కట్టినట్టు అతుకు మీద అతుకు రాకుండా చూసుకో.

గోధుమరంగు ఇటుకలు లేవని దిగులు పెట్టుకున్నావట. నలుపు వాడు, పాత ఓడలకి తారు పూసేవాళ్లు కదా. వాసా వెనక భాగానికైతే ఎరుపు వేసేవాళ్లని పరిశోధనలో తేలింది. ఎర్ర ముక్కలు అక్కడికి దాచుకో.

కొయ్యల దగ్గర మాత్రం కాస్త ఆగు. అందరూ పైన చెక్క పరిచేసి దాని మీద కొయ్య గుచ్చుతారు. నిజం ఓడలో కొయ్య అలా ఉండదమ్మా. పై అంతస్తుల్ని దాటుకుని లోపలికి దిగి అడుగు దూలం మీద కూర్చుంటుంది. నువ్వూ మూడు చోట్ల బావిలా ఖాళీ వదిలి, కొయ్యని అట్టడుగు వరస నుంచే లేపు. ఇటుకలు నిలువుగా లాగితే గట్టిగానే పట్టుకుంటాయి గానీ పక్కకి వంచితే ఊడిపోతాయి. గుండ్రటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు లోపల బోలుగా ఉంటే చీపురుపుల్ల ఒకటి దూర్చు. ఇది మోసమని అనేవాళ్లుంటారు. అననీ.

ఇక ఆ వెధవ పని.

1994లో మీ పెద్దమ్మ తమ్ముడు కువైట్ నుంచి వస్తూ మీ అన్నయ్యకి లెగో పెట్టె తెచ్చాడు. అప్పుడు వాడికి ఆరేళ్లు. తర్వాతి ఏడు ఇంకొకటి తెచ్చాడు. రెండూ కలిపి నాలుగు వందల చిల్లర ముక్కలు. అప్పట్లో అవి మన పక్క కొట్లలో ఎక్కడున్నాయి? వీధి పిల్లలంతా చూడటానికి వచ్చేవాళ్లు. మీ అన్నయ్య ఎప్పుడూ ఒకటే కట్టేవాడు, సికింద్రాబాద్ వెళ్లే డబుల్ డెక్కర్ బస్సు. కట్టేవాడు, పీకేవాడు, మళ్లీ ఇంకో అంగుళం పొడుగు చేసి కట్టేవాడు.

ఆ రోజుల్లో అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద ఒక పాత పుస్తకం కొన్నాను. అందులో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం బొమ్మ ఉంది, దాని మీద రెండు కొయ్యల ఓడ. నేను ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ని. గీత కనపడితే చెయ్యి ఆగదు. వాడు నిద్రపోయాక వాడి ముక్కలతో ఆ ఓడ కట్టాను. వారం పట్టింది. పొద్దున లేచి చూసి వాడు కూడా చప్పట్లు కొట్టాడు. టీవీ మీద పెట్టాం. వచ్చినవాళ్లందరికీ చూపించాను, వాడు కట్టాడని కాదు, నేను కట్టానని.

ఒకసారి ఫ్యాన్ గాలికి కొయ్య విరిగింది. ఇంకోసారి మీ పెద్దమ్మ దుమ్ము దులుపుతుంటే కిందపడి సగం అయింది. అలా కిందపడ్డప్పుడు నా కళ్ల ముందు ట్యాంక్‌బండ్ మీది జనం కనిపించారంటే నవ్వకు. ఆ రాత్రి బుల్లి గొట్టంలో వచ్చే జిగురు నాలుగు తెచ్చి, వరస వరసా విప్పి, ప్రతి బుడిపెకీ చుక్క పెట్టి అంటించాను. రెండింటిదాకా కూర్చున్నాను. పొద్దునకి ఓడంతా బూడిద రాసినట్టు తెల్లగా పొగచూరింది. ఆ జిగురు ఆవిరికి ప్లాస్టిక్ అలా అవుతుందని నాకేం తెలుసు?

మీ అన్నయ్య స్కూలు నుంచి వచ్చి బస్సు కడదామని ఓడ దగ్గరికి వెళ్లాడు. ఎర్ర ముక్కలు దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి. ఒకటి లాగాడు, రాలేదు. గోటితో తీశాడు, రాలేదు. చివరికి పంటితో కొరికి లాగాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వాడు ఏడవలేదు. "నాన్నా, ఇది మళ్లీ బస్సు అవ్వదా?" అని అడిగాడు.

అవుతుందిరా అన్నాను. పెద్దమ్మ గోళ్ల రంగు తుడిచే మందు తెచ్చి దూదితో రాస్తే జిగురు కంటే ముందు ఇటుకే కరిగి మెత్తబడింది. అందులో అసిటోన్ ఉంటుంది, ఈ ప్లాస్టిక్‌ని అది తినేస్తుంది. నువ్వు ఆ పని కూడా చెయ్యకు. కొత్త పెట్టె తెప్పిస్తానని చెప్పాను. మామయ్య ఆ తర్వాత కువైట్ వెళ్లలేదు. నేను ఈ నెల, వచ్చే నెల అంటూ ఉండగానే వాడికి ఎనిమిదేళ్లొచ్చాయి, బ్యాటు పట్టుకున్నాడు, ముక్కలు అడగడం మానేశాడు.

ఆ ఓడ ఇప్పటికీ మా బీరువా మీద ఉంది. చెక్కుచెదరలేదు. పక్క నుంచి చూస్తే మూడో వరస ఎర్ర ఇటుక మీద పంటి గాట్లు రెండు కనపడతాయి. పోయినసారి మీ అన్నయ్య అమెరికా నుంచి వచ్చినప్పుడు దాన్ని దించి, ఆ గాట్ల మీద బొటనవేలు రాసి, మళ్లీ పైన పెట్టేశాడు. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

అందుకని ఆ గొట్టం ఎక్కడ కొన్నావో అక్కడే ఇచ్చెయ్యి. తీసుకోకపోతే నాకు పంపు, చెప్పులకి పనికొస్తుంది. పడిపోతుందని భయమైతే ఒక్కో వరస కట్టినప్పుడల్లా ఫోన్‌తో ఫొటో తీసుకో. పడితే ఫొటో చూసి మళ్లీ కడతావు. బోలుగా వదిలిన చోట ఇనప నట్లు గుడ్డలో చుట్టి పెట్టు. పాత ఓడల్లో అడుగున రాళ్లు పోసేది ఇందుకే. అలమరలో కింది అరలో పెట్టు, ఫ్యాన్ కింద వద్దు, మీ నాన్న మోచెయ్యి తగిలే చోట అసలు వద్దు.

తెరచాపలకి మా పాత పంచె ముక్క పంపుతున్నాను. టీ డికాషన్‌లో ముంచి ఆరబెడితే పాత రంగు వస్తుంది. చిక్కటి గంజి పెట్టి, గాలి నింపినట్టు రావాలంటే తడిగా ఉన్నప్పుడే గుండ్రటి గిన్నె మీద ఆరెయ్యి. తాళ్లకి మామూలు కుట్టు దారం చాలు. ముందొకటి, వెనకొకటి, పక్కలకి చెరొకటి కట్టు, నాలుగూ ఒకే బిగువులో ఉండాలి. ఒకటి ఎక్కువ లాగితే కొయ్య అటు వంగుతుంది. ఇవి రాత్రి పదకొండు తర్వాత కట్టకు, కళ్లు పోతాయి. మధ్యమధ్య పుస్తకం కూడా తెరుస్తూ ఉండు. లేకపోతే మీ నాన్న మళ్లీ నాకే ఫోన్ చేస్తాడు.

ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఒకటి మీ నాన్న చేతికిస్తున్నాను. బిస్కెట్లు అనుకునేవు. ఆ రాత్రి జిగురు అంటకుండా మిగిలిన ముక్కలు, నూట పదమూడు. ఇన్నేళ్లూ ఎందుకు దాచానో నాకే తెలియదు. ఒక రెక్క ముక్క ఎడమది మాత్రమే ఉంది. కుడిది ఓడలో ఉండిపోయింది.

ఇచ్చే ముందు మీ అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను. "ఇచ్చెయ్ నాన్నా. ఓడ అయ్యాక విప్పేసి ఒక బస్సు కట్టి ఫొటో పెట్టమను" అన్నాడు. ఎర్రవి ఇరవై రెండే ఉన్నాయి. నీవి కొన్ని కలిపితే పై అంతస్తు కూడా వస్తుందేమో చూడు.

మీ పెదనాన్న